అండమాన్‌లో డైవింగ్‌కు ఏ నెల మంచిది? పంచాంగం కూడా చూడాలి

అండమాన్‌కు ఎప్పుడు వెళ్లాలని అడిగితే, అక్టోబరు నుంచి మే వరకు ఎప్పుడైనా వెళ్లవచ్చని ట్రావెల్ ఏజెంట్లు చెబుతారు. ఊరు, జైలు, ఇసుక తీరాలు చూసి రావడమే ఉద్దేశమైతే ఆ మాటలో పెద్దగా తప్పు లేదు. నీళ్లలోకి దిగి పగడపు దిబ్బలను చూడాలనుకునేవారికి మాత్రం ఆ ఎనిమిది నెలలూ ఒక్క తీరుగా ఉండవు. జనవరిలోనూ, మార్చి నెలాఖరులోనూ, దసరా సెలవుల్లోనూ హేవ్‌లాక్ దీవిలో గడిపాక నాకు కలిగిన అభిప్రాయం ఏమిటంటే, ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య వరకు ఉండే రెండు నెలలకు మిగతా కాలమేదీ సాటి రాదు. (హేవ్‌లాక్ 2018 చివరి నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ దీవి షహీద్ ద్వీప్ అయ్యాయి, పోర్ట్ బ్లెయిర్ 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. కొత్త పేర్లు తెలియకపోతే టికెట్లు తీసుకునేటప్పుడు తికమకపడతారు. ఆటోవాళ్లు మాత్రం పాత పేర్లే పలుకుతారు కాబట్టి నేనూ వాటినే వాడుతున్నాను.)

ఇక్కడ కాలాన్ని చలి, ఎండలను బట్టి లెక్కవేయడం వల్ల ప్రయోజనం లేదు. సముద్రపు నీరు ఏడాది పొడవునా దాదాపు 27 నుంచి 30 డిగ్రీల మధ్యే ఉంటుంది. పల్చని డైవింగ్ సూటు వేసుకుని ఏ నెలలోనైనా దిగవచ్చు. తేడా అంతా గాలి ఏ దిక్కు నుంచి వీస్తోంది, నీరు ఎంత తేటగా ఉంది అన్న రెండు విషయాల్లోనే ఉంటుంది. నైరుతి రుతుపవనాలు కేరళ కంటే ముందే, సాధారణంగా మే మూడో వారంలో, ఈ దీవులను తాకుతాయి. అవి వెనుదిరిగిన తరువాత ఈశాన్య గాలులు మొదలై డిసెంబరు వరకు మధ్యమధ్య వానలు కురిపిస్తాయి. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడే ఈ చోట, రెండు గాలులూ సద్దుమణిగే వ్యవధి చాలా తక్కువ.

అందరూ ఎగబడేది డిసెంబరు చివర, జనవరి మొదట్లో. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా గదుల అద్దెలు రెట్టింపు దాకా పోతాయి. కొన్ని రిసార్టులు డిసెంబరు 31 రాత్రి భోజనాన్ని తప్పనిసరి చేసి దానికి విడిగా డబ్బు తీసుకుంటాయి. ఇంత ఖర్చు పెట్టినా ఆ రోజుల్లో సముద్రం అన్నివేళలా అనుకూలంగా ఉండదు. హేవ్‌లాక్‌లో ఎక్కువ బసలూ, డైవింగ్ కేంద్రాలూ ఉన్న గోవింద్‌నగర్, విజయనగర్ తీరాలు తూర్పు ముఖంగా ఉన్నందువల్ల ఈశాన్య గాలి నేరుగా వాటి మీదికే వస్తుంది. దూరపు దిబ్బలకు పడవలు వెళ్లలేక, దగ్గరి చోట్లకే తిప్పి తీసుకువస్తారు. 2016 డిసెంబరు మొదటి వారంలో వాయుగుండం కారణంగా హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యిమందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోతే నౌకాదళం వెళ్లి తీసుకురావలసి వచ్చింది. డైవింగ్ అక్కరలేని వారికి సంక్రాంతి తరువాతి రెండు వారాలు మాత్రం ఎంతో బాగుంటాయి: ఆకాశం నిర్మలంగా ఉంటుంది, రద్దీ తగ్గుతుంది, పడమటి ముఖంగా ఉన్న రాధానగర్ తీరం గాలి చాటున ప్రశాంతంగా ఉంటుంది.

ఫిబ్రవరి మధ్యకు వచ్చేసరికి గాలి పడిపోతుంది. మార్చి నెలాఖరున మేము వెళ్లినప్పుడు సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా కదలిక లేకుండా ఉంది; పడవ అంచున కూర్చుని చూస్తే లంగరు తాడు కిందికి దిగి, సన్నబడి, చివరికి దిబ్బ మీది రాళ్ల మధ్య ఆగిన చోటు కూడా కనిపించింది. డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ వంటి పేరున్న చోట్లు తీరానికి చాలా దూరంలో, ఎక్కువ లోతులో ఉంటాయి. అక్కడికి వెళ్లాలంటే 30 మీటర్ల వరకు అనుమతించే అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్ కావాలి, 18 మీటర్ల వరకే అనుమతించే మొదటి మెట్టు ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ చాలదు. సర్టిఫికెట్ ఉన్నా సముద్రం కుదురుగా ఉన్న రోజు దొరకాలి. ఆ రోజులు ఈ రెండు నెలల్లోనే ఎక్కువ. ఏ సర్టిఫికెట్టూ లేక మొదటిసారి శిక్షకుడి చేయి పట్టుకుని దిగేవారికి, నీరు తేటగా ఉండడం మరీ అవసరం. ఐదారు మీటర్లకు మించి కనిపించని నీటిలో కొత్తవారికి ముందు కలిగేది భయమే.

మన పిల్లల సెలవులు ఏప్రిల్ చివరి వారంలో గాని మొదలు కావు. అందువల్ల బడికి వెళ్లే పిల్లలున్నవారికి మిగిలేది ఏప్రిల్ చివరి వారం, మే మొదటి పది రోజులు. అప్పటికి ఎండ, ఉక్కపోత పెరుగుతాయి గాని సముద్రం ఇంకా శాంతంగానే ఉంటుంది. అయితే ఏప్రిల్, మే నెలల్లో నీరు మరీ వేడెక్కిన సంవత్సరాల్లో పగడాలు రంగు కోల్పోయి తెల్లబడతాయి. 2010లో ఇక్కడ అలా పెద్దయెత్తున జరిగింది. బంగాళాఖాతంలో తుపాన్ల ముప్పు కూడా మేలో మొదలవుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన కోస్తాలో ఉన్నట్టే ఇక్కడా మరపడవలకు వేట నిషేధం ఉంటుంది కాబట్టి, చేపల కోసమే వెళ్లే భోజనప్రియులు కాస్త సర్దుకోవలసి ఉంటుంది.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు చవక తప్ప చెప్పుకోదగిన ఆకర్షణ లేదు. దసరా సెలవులు మాత్రం చాలామందిని ఊరిస్తాయి కనుక ఒక మాట చెప్పాలి. మేము వెళ్లిన అక్టోబరులో పొద్దున ఎండ, మధ్యాహ్నం కుండపోత. నెమో రీఫ్ అనే దిబ్బ దగ్గర వాన నీటితో కలిసిన బురద వల్ల నా కాళ్లకు తొడుక్కున్న ఈత రెక్కల చివర్లు నాకే మసకగా కనిపించాయి. పైగా ఫెర్రీ రద్దయి ఒక రాత్రి ఆలస్యంగా చేరితే, మేము ముందే డబ్బు కట్టిన బస యజమాని ఆ రాత్రి అద్దెలో ఒక్క రూపాయి తిరిగి ఇవ్వలేదు. వానల నెలల్లో వెళ్లదలచుకున్నవారు ఫెర్రీ రద్దయితే ఏమిటన్న సంగతి ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోవడం మంచిది.

నెల కుదిరాక తిథి చూసుకోవాలి. ఈ మాట ఏజెంట్లెవరూ చెప్పరు. పౌర్ణమి, అమావాస్యల ముందు వెనుక రోజుల్లో ఆటుపోట్ల తేడా ఎక్కువగా ఉండి నీటి అడుగున ప్రవాహం బలపడుతుంది, ఇసుక రేగి నీరు మసకబారుతుంది. సప్తమి, అష్టమి, నవమి రోజుల్లో తేడా తక్కువ కాబట్టి డైవింగ్‌కు అవే అనువైనవి. నీల్ దీవిలోని సహజ శిలా వారధి సంగతి ఇందుకు విరుద్ధం; నీరు బాగా వెనక్కి తగ్గితేనే దాని కిందికి నడిచి వెళ్లగలం, అందుకు పౌర్ణమి, అమావాస్యలే మేలు. రాత్రివేళ కయాక్‌లో మడ అడవుల పక్కన తెడ్డు వేస్తుంటే నీరు నీలంగా మెరిసే దృశ్యం చూడాలంటే అమావాస్య చీకటి కావాలి. అష్టమి నాటికి హేవ్‌లాక్ చేరి, డైవింగ్ ముగించి, అమావాస్యకు ఒకటి రెండు రోజుల ముందు నీల్‌కు మారేలా బహుళ పక్షంలో ప్రయాణం పెట్టుకుంటే ఈ మూడూ కుదురుతాయి.

బస విషయంలో నా ఓటు విజయనగర్‌కే. డైవింగ్ పడవలు పొద్దున్నే బయలుదేరతాయి; ఇక్కడి సూర్యుడు మన గడియారం కంటే ముందుంటాడు, ఐదున్నరకల్లా బాగా తెల్లవారిపోతుంది. ఆ వేళకు రాధానగర్ వైపు నుంచి దీవికి అడ్డంగా ఆటోలో రావడం ప్రయాస. అయితే విజయనగర్‌లో ఆటు సమయంలో నీరు దూరంగా పోయి రాళ్లు, చచ్చిన పగడాలు బయటపడతాయి. గది ముందే ఈత కొట్టవచ్చని ఆశపడితే నిరాశ తప్పదు. ఈతకు సాయంత్రం రాధానగర్ వెళ్లవచ్చు, కాని శీతాకాలంలో ఐదింటికే సూర్యాస్తమయం అవుతుందని గుర్తుంచుకుని మూడున్నరకే బయలుదేరాలి.

డైవింగ్ కేంద్రాన్ని ధర చూసి కాక, ఆరోగ్య వివరాల ఫారం ఎంత శ్రద్ధగా చదువుతారో చూసి ఎంచుకోవాలి. మేము మార్చిలో వెళ్లిన చోట శిక్షకురాలు మా బృందంలో జలుబు చేసినవారిని చెవుల్లో ఒత్తిడి సర్దుకోదని చెప్పి ఆ రోజు దింపలేదు, డబ్బు మరునాటికి మార్చింది. పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కు వెళ్లే ఫెర్రీల్లో ప్రైవేటువి గంటన్నర, రెండు గంటల్లో చేరుస్తాయి. ప్రభుత్వ నౌకలు చవక, కాస్త నెమ్మది. వాంతుల బెడద ఉన్నవారు, సముద్రం కుదురుగా ఉండే మార్చిలో అయినా సరే, మాత్ర వేసుకుని ఎక్కడమే మేలు.

చివరి డైవ్‌కు, విమానానికి మధ్య కనీసం 18 గంటల విరామం ఉండాలి కాబట్టి డైవింగ్‌ను మొదటి రోజుల్లోనే పెట్టుకుని, సెల్యులార్ జైలు, రాస్ దీవి చివరికి ఉంచుకోవాలి. ఆఖరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే గడిపితే, ఫెర్రీ ఒక రోజు ఆలస్యమైనా తిరుగు విమానం తప్పిపోదు.