లైపోసక్షన్ క్లినిక్ రివ్యూ: నడుము తగ్గింది, షుగర్ తగ్గలేదు

మా అక్కకి హైదరాబాద్‌లో ఒక కాస్మెటిక్ క్లినిక్‌లో పొట్టకీ నడుముకీ లైపో (చర్మం కింద కొవ్వుని గొట్టంతో లాగేసే ఆపరేషన్) చేయించాం. పేరు రాయడం లేదు. సర్జన్ పని బాగుంది, షేప్ చక్కగా వచ్చింది. మొదటి రాత్రి కోతల్లోంచి గులాబీ రంగు నీళ్లు కారి దుప్పటి తడిసిపోయింది, కానీ అలా అవుతుందని నర్సు ముందే చెప్పింది కాబట్టి మేం కంగారు పడలేదు. ఆపరేషన్ తర్వాత కట్టుకోవాల్సిన బిగుతు బెల్టే కాస్త నరకం.

నా కోపమంతా కౌన్సెలర్ మీద. "కొవ్వు పోతే షుగర్, బీపీ అవే కంట్రోల్‌కి వస్తాయి మేడమ్, గుండెకీ మంచిది" అని చెప్పి పెద్ద ప్యాకేజీ అంటగట్టింది. అక్కకి ఎప్పట్నుంచో షుగర్ ఉంది, ఆ మాట వినగానే ఆశ పుట్టింది. మూడు నెలలయ్యాక హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్త పరీక్ష) చేయిస్తే పాత రిపోర్టుకీ దానికీ తేడానే లేదు, బీపీ మాత్ర డోసు కూడా తగ్గలేదు.

ఇది కొత్తగా తెలిసిన సంగతీ కాదు. 2004లోనే అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీ డాక్టర్లు ఊబకాయం ఉన్న 15 మంది ఆడవాళ్లకి (అందులో ఏడుగురికి షుగర్) ఒక్కొక్కరికి సగటున 9, 10 కిలోల కొవ్వు తీసి, 10-12 వారాల తర్వాత పరీక్షలు చేశారు. ఇన్సులిన్ పనితీరు, బీపీ, కొలెస్ట్రాల్, సీఆర్‌పీ (ఒంట్లో వాపుని చూపే రక్త పరీక్ష), ఏదీ మెరుగవలేదు. వాళ్లలో కొందరిని ఏళ్ల తర్వాత మళ్లీ చూసినా అంతే. ఎందుకంటే లైపోలో లాగేసేది చర్మం కింద కొవ్వు మాత్రమే, పేగుల చుట్టూ, లివర్‌లో, కండరాల్లో పేరుకున్నది ఎక్కడికీ పోదు. షుగర్‌నీ గుండెనీ ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఆ లోపలి కొవ్వే. తిండి తగ్గించి, నడిచి బరువు తగ్గితే అది కరుగుతుంది.

ఇంకో సంగతి. 2012లో బ్రెజిల్‌లోని సావో పాలోలో చేసిన ఒక స్టడీలో, లైపో తర్వాత వ్యాయామం చేయని ఆడవాళ్లకి ఆరు నెలల్లో లోపలి కొవ్వు సుమారు 10 శాతం పెరిగింది, చేసినవాళ్లకి పెరగలేదు. వాళ్లెవరూ లావుగా ఉన్నవాళ్లు కూడా కాదు. అక్కకి ఇచ్చిన డిశ్చార్జ్ కాగితంలో బెల్టు గురించి, యాంటీబయాటిక్స్ గురించి ఉంది, కోలుకున్నాక నడవమని ఒక్క ముక్క లేదు. ఇది నాకు చాలా బాధనిపించింది.

షేప్ కోసమైతే నాలుగు స్టార్లు, కౌన్సెలింగ్‌కి ఒక్కటే. షుగర్, బీపీ ఉన్నవాళ్లు ముందు మీ ఫిజీషియన్‌ని కలవండి, నడుము సన్నబడింది కదా అని మాత్రలు మాత్రం ఆపేయకండి.