అనంతపురంలో పిలాటిస్ క్లాసులో చేరుతున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

మన ఊర్లో జిమ్ములు, యోగా సెంటర్ల పక్కన ఇప్పుడు పిలాటిస్ బోర్డులు కూడా కనిపిస్తున్నాయి. పిలాటిస్ అంటే ఊపిరిని, కదలికలను అదుపులో పెట్టుకుంటూ పొట్ట, వెన్ను కండరాలకు బలం తెచ్చే వ్యాయామ పద్ధతి. నడుము నొప్పికి మంచిదని విని చేరాలనుకునే ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసమే రాస్తున్నా. మా అక్క ఒక స్టూడియోలో మూడు నెలల ఫీజు 18,000 ముందే కట్టింది. ఉన్న నొప్పి ఇంకా ముదరడంతో బయటికొచ్చేసింది.

చేర్చుకునేటప్పుడు వాళ్ళు ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. డిస్క్ సమస్య ఉందని అక్కే చెప్పింది. "ఇక్కడికొస్తే అవన్నీ తగ్గిపోతాయి మేడమ్" అన్నారు. మొదటి రోజే పాతవాళ్ళ మధ్య పడుకోబెట్టి హండ్రెడ్ అనే వ్యాయామం చేయించారు. వెల్లకిలా పడుకుని, తల, భుజాలు పైకెత్తి, కాళ్ళు చాచి గాల్లో నిలిపి, చేతులు కిందికీ పైకీ ఆడించాలి. ఐదు లెక్కపెట్టేదాకా ఊపిరి పీల్చి, ఐదు లెక్కపెట్టేదాకా వదలాలి. అలా పదిసార్లు చేస్తే వంద. పొట్ట కండరాల్లో బలం లేనివాళ్ళు కాళ్ళు అలా నిలిపితే నడుము నేల మీంచి లేచిపోతుంది, భారమంతా వెన్ను మీద పడుతుంది. అందుకే కొత్తవాళ్ళకు తల నేల మీదే ఉంచి, మోకాళ్ళు మడిచి చేయిస్తారు. ఇక్కడ ఆ ఊసే లేదు.

వెంటనే రోల్ అప్. పడుకున్న మనిషి వెన్నును గుండ్రంగా వంచుతూ లేచి, కాలివేళ్ళ దాకా వంగాలి. అక్కకు పిరుదు నుంచి కాలిలోకి లాగడం మొదలైంది. చెబితే ట్రైనర్ "మొదట్లో అంతే, తట్టుకోండి" అన్నాడు. ఫీజు కన్నా ఈ మాటకే నాకు ఎక్కువ కోపం. కండరాల నొప్పి వేరు, కాలిలోకి దిగే తిమ్మిరి వేరు. తిమ్మిరి వస్తే అక్కడికక్కడే ఆపించాలి. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్ళకైతే వెన్ను అలా వంచే వ్యాయామాలు అసలు చేయించకూడదు, వెన్నుపూస విరిగే ప్రమాదం ఉంది. ఆ బ్యాచ్‌లో అరవై దాటినవాళ్ళు కూడా ఉన్నారు, అది తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది.

బోర్డు చూసి నమ్మకండి. జర్మనీలో 1883లో పుట్టిన జోసెఫ్ పిలాటిస్ ఈ పద్ధతిని రూపొందించాడు. ఆ పేరు మీద ఎవరికీ ప్రత్యేక హక్కు లేదని అమెరికా కోర్టు 2000లో తేల్చింది. అంటే ఆ పేరు పెట్టుకున్నంత మాత్రాన శిక్షణ ఉన్నట్టు కాదు. ట్రైనర్ ఎక్కడ నేర్చుకున్నాడు, ఎన్ని గంటలు నేర్చుకున్నాడు అని మొహమాటం లేకుండా అడగండి. పరికరాలతో కలిపి పూర్తి శిక్షణ అంటే దాదాపు 450 గంటలు ఉంటుంది. వారాంతపు సర్టిఫికెట్ దానికి సరిపోదు. ఇంకో సంగతి, ప్రకటనలో స్ప్రింగులతో జారే బల్ల, అదే రిఫార్మర్, ఫోటోలు పెట్టారు. లోపలికి వెళ్తే ఉన్నది ఒక్కటే, దానికి ఫీజు వేరే అన్నారు.

పద్ధతి తెలిసిన చోట మొదటి క్లాసు చాలా నెమ్మదిగా ఉంటుంది. బీపీ, ఆపరేషన్లు, పాత దెబ్బలు, గర్భం గురించి అడుగుతారు. ఊపిరి పక్కటెముకల్లోకి ఎలా పీల్చాలో, వెన్ను సహజమైన వంపు చెడకుండా ఎలా పడుకోవాలో నేర్పుతారు. కొత్తవాళ్ళకు చెమట కూడా పట్టకపోవచ్చు. దానికి నిరాశపడకండి, పునాది అదే. అక్క ఇప్పుడు ఫిజియోథెరపిస్ట్ దగ్గర ఈ పద్ధతిలోనే చేస్తోంది, కాలి లాగుడు తగ్గుతోంది. పిలాటిస్‌తో నాకు ఏ పేచీ లేదు.

డబ్బు వెనక్కి అడిగితే "నో రీఫండ్" అన్నారు. బిల్లు కూడా ఇవ్వలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళొచ్చు, 5 లక్షల లోపు చెల్లింపులకు ఫిర్యాదు రుసుము లేదు, గడువు 2 ఏళ్ళు. మేము 1915లో ఫిర్యాదు పెట్టాం. ఒకే రకంగా నష్టపోయినవాళ్ళు కమిషన్ అనుమతితో కలిసి కూడా వేయొచ్చు. మీకూ ఇలాగే జరిగి ఉంటే డబ్బు పంపిన స్క్రీన్‌షాట్, వాళ్ళ వాట్సాప్ మెసేజ్‌లు చెరిపేయకుండా దాచి, నాకు చెప్పండి.