హెడర్ల వేడికి పట్టీ చుట్టాలా, సెరామిక్ పూత వేయించాలా?

పాత షెవర్లే వి8 ఇంజన్‌కు కారుతో వచ్చిన పోత ఇనుప మానిఫోల్డు (ఇంజన్ పొగను బయటికి పంపే భాగం) తీసి, అదే పని చేసే పలుచని ఉక్కు గొట్టాల హెడర్లు బిగిస్తే మొదట దెబ్బ తినేది స్టార్టర్ మోటారు. దాని సోలెనాయిడ్, అంటే మోటారుకు కరెంటు కలిపే స్విచ్, ఆ గొట్టాల పక్కనే ఉంటుంది. బాగా వేడెక్కిన బండిని ఆపి, కాసేపాగి తాళం తిప్పితే ఉలుకూ పలుకూ ఉండదు. స్పార్క్ ప్లగ్ తీగల రబ్బరూ మాడిపోతుంది.

గాజునార పట్టీ చవక. ఇంట్లోనే చుట్టుకోవచ్చు. ఒక చుట్టు మీదికి ఇంకొకటి పావు అంగుళం ఎక్కాలి, చివర స్టీలు క్లిప్పులు వేయాలి. మొదట్లో పొగ వస్తే భయపడకండి. నా అభ్యంతరం వేరు: పట్టీ తేమనూ, కారిన నూనెనూ పట్టి ఉంచుతుంది. లోపల మామూలు ఉక్కు తుప్పు పట్టి తినేస్తున్నా పైకి కనిపించదు. పట్టీ చుడితే వారంటీ చెల్లదనే తయారీదారులూ ఉన్నారు.

సెరామిక్ పూతకు ఖర్చు ఎక్కువ, గొట్టాలను విప్పి పంపాలి. అయితే లోపలా బయటా వేయిస్తే తుప్పును కూడా అడ్డుకుంటుంది. వానలోనూ తిరిగే బండికి నేను చెప్పేది పూతే, అదీ హెడర్లు బిగించక ముందే. స్టార్టర్‌కు వేడి కవచం, ప్లగ్ తీగలకు తొడుగులు మాత్రం రెండింటిలో ఏదైనా తప్పవు.