బోర్డు లేని ఆ రెండు గదులకి నా మార్కులు

విజయనగరంలో మాలాంటి సెక్స్ వర్కర్ల కోసం నడిచే సెంటర్ ఒకటుంది. ఎక్కడో రాయను. గంటస్తంభం నుంచి నడిచి వెళ్లిపోవచ్చు, అంతే చెప్తాను. బోర్డు ఉండదు. కింద టైలర్ షాపు, పక్కనుంచి మెట్లు. చూసినోడు జాకెట్టు కుట్టించుకోడానికి వెళ్తోందనుకుంటాడు. ఆ ఒక్కదానికే ఒక మార్కు వేసీయొచ్చు.

నేను తొమ్మిదేళ్ల బట్టి వెళ్తున్నాను. మొదట తీసుకెళ్లింది మా అప్ప. సొంత అప్ప కాదు, పీర్, అంటే సెంటర్ తరఫున మా మంచీచెడ్డా చూసుకునే మనిషి. మాలో ఒకళ్లనే ఆ పనికి పెట్టుకుంటారు, అరవై మందికి ఒకళ్లు లెక్కన. ఎవరికి ఎన్ని కండోమ్‌లు కావాలో, ఎవరి గుంటకి జొరమో, ఎవరి మొగుడు తాగొచ్చి కొడతాడో అన్నీ ఆవిడకి నోటికొచ్చు.

ముందు గదిలో చాపలు, ఫ్యాను, అద్దం. రాత్రంతా పనిచేసి వచ్చినోళ్లు పడుకోవచ్చు, స్నానం చెయ్యొచ్చు. మందుల కంటే ముందు నేను ఆ స్నానాల గదినే మెచ్చుకుంటాను. లాడ్జిలో బకెట్టు నీళ్లకి మేనేజర్ని బతిమాలుకున్నదానికి తెలుస్తుంది దాని విలువ.

వెనక గదిలో పరీక్ష. తలుపుకి గొళ్లెం పడుతుంది, లోపల పరదా ఉంది. ఒంట్లో ఏమీ లేకపోయినా మూడు నెలలకోసారి డాక్టరమ్మ చూస్తుంది. ఆర్నెల్లకోసారి హెచ్ఐవీకీ సిఫిలిస్‌కీ రక్తం తీస్తారు. సుఖవ్యాధుల మందులు రంగుల వారీగా కిట్లలో వస్తాయి: తెల్లబట్టకి ఆకుపచ్చది, పొత్తికడుపు నొప్పికి పసుపుది, పుండ్లకి తెల్లది. చదువు రానోళ్లకి కూడా రంగు గుర్తుంటుంది. ఓసారి నాకు దురద పెడితే ఆకుపచ్చది ఇచ్చారు. ఒక్క డోసే, అక్కడే నర్సమ్మ ఎదురుగా మింగేశాను. ఇన్నేళ్లలో ఆవిడ నన్ను "ఈ పనెందుకు మానవు" అని ఒక్కసారీ అడగలేదు. "ఎప్పట్నుంచి నొప్పి" అని అడుగుతుంది, రాసుకుంటుంది.

చెక్కబొమ్మకి కండోమ్ తొడిగి చూపిస్తుంటే మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు చీకట్లో, తూలిపోతున్నోడికైనా తొడిగీగలను. రెండేస్తే ఇంకా మంచిదనుకునేదాన్ని. ఒకదానికొకటి రాసుకుని చిరిగిపోతాయట. కొబ్బరి నూనె తగిలితే నిమిషాల్లోనే రబ్బరు పాడైపోతుంది, నీళ్ల జెల్లీయే వాడాలి. ఎండలో స్కూటీ డిక్కీలో పెట్టకూడదు, తారీఖు చూడకుండా చింపకూడదు. ఇవి కాక అప్ప పెట్టిన రూలు ఒకటి: కారైనా లారీ అయినా ఎక్కేముందు బండి నంబరు మెసేజ్ పెట్టాలి. వారానికోసారైనా ఆవిడ చేత తిట్లు తింటాను, మర్చిపోయానని.

పోలీసులకి సంచిలో కండోమ్ దొరికితే అదే సాక్ష్యం అనేవాళ్లు. 2022 మే 19న సుప్రీంకోర్టు దాన్ని నేరానికి సాక్ష్యంగా చూడకూడదని చెప్పింది. ఆ కాగితం సెంటర్ గోడకి అంటించారు. నేను జిరాక్సు తీయించి పర్సులో పెట్టుకున్నాను. ఒకసారి పనిచేసింది. ఇంకోసారి ఒకాయన చింపి మురిక్కాలవలో పారేశాడు. మళ్లీ తీయించుకున్నాను, రెండు రూపాయలే.

ఇక మార్కులు కోసింది ఎందుకంటే, ఆ సెంటర్ పొద్దున్న పదికి తెరిచి సాయంత్రం అయిదుకి మూసేస్తారు. ఆదివారం సెలవు. వాళ్లు తాళం వేశాకే కదా నా పని మొదలయ్యేది.

ఓ ఏడు పైడితల్లమ్మ సిరిమాను పండగకి ముందు శనివారం రాత్రి. వచ్చినోడు నాకు తెలీకుండా నూనె రాసుకున్నాడు. చిరిగింది. హెచ్ఐవీ అంటకుండా 72 గంటల్లోపు మందు మొదలెట్టాలి, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిదని సెంటర్లోనే విన్నాను. మంచం మీద కూర్చుని వేళ్ల మీద లెక్కేశాను. ఆదివారం మూత. సోమవారం తొలేళ్లు, పండగ సెలవు. మంగళవారం సిరిమాను, ఆ రాత్రికి గడువు సరి.

ఆదివారం తెల్లారగానే అప్ప ఒక ఆసుపత్రికి తీసుకెళ్లింది. పేరెందుకులెండి. డ్యూటీలో ఉన్నాయన వరసలో నిలబడ్డోళ్లందరికీ వినపడేలా ఏం జరిగిందని అడిగాడు. చెప్పాక, "అవి మా స్టాఫ్‌కి సూది గుచ్చుకుంటే ఇచ్చేవి" అన్నాడు.

అప్ప ఊరుకునే రకం కాదు. "మీ సిస్టరమ్మకి డ్యూటీలో సూది దిగితే పనిలో పెమాదం అంతారు గదా బావూ. మరి దీనికి డ్యూటీలో కండోమ్ సిరిగింది. దీన్నేటంతారు?"

ఆయన రిజిస్టర్లోకి చూస్తూ కూర్చున్నాడు. మధ్యాహ్నానికి ఇంకో డాక్టరు దగ్గర చీటీ రాయించుకుని బయట షాపులో కొన్నాను. ఇంటద్దెకి దాచింది దానికే పోయింది. రక్తపరీక్ష కోసం ఆగకుండా మొదటి మాత్ర షాపు మెట్ల మీదే వేసుకున్నాను.

రోజుకొకటి, 28 రోజులు. మొదటి వారం అన్నం వాసనకే కడుపులో తిప్పేది. బుధవారం సెంటర్ తెరిచాక కౌన్సెలర్ మేడం అంతా విని, మాత్రలు అయ్యేదాకా రోజూ ఫోన్ చేసింది. "తిన్నావా" అని ముందు అడిగేది, "వేసుకున్నావా" అని తర్వాత. మూడు నెలలకి పరీక్ష చేయిస్తే ఏమీ లేదు. ఆ రిపోర్టు కూడా లోపలికి పిలిచి, తలుపేసి చేతిలో పెట్టింది. మన సంగతి ఇంకోళ్లకి చెప్పకూడదని 2017లో వచ్చిన హెచ్ఐవీ చట్టంలోనే ఉందట.

అంచేత అయిదుకి మూడున్నర. రాత్రికి ఒక ఫోను, పీర్ దగ్గర రెండు మూడు రోజులకి సరిపడా ఆ మాత్రలు ఉంచితే మిగతాదీ వేసేస్తాను. హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097 ఉంది కదా అంటారు. అది సలహా చెప్తుంది, మాత్ర చేతిలో పెట్టదు. మొన్న మీటింగులో ఇదే అడిగితే "పైనుంచి రావాలి" అన్నారు. రాసుకోమన్నాను. రాసుకున్నారు.

కొత్తగా వెళ్లేవాళ్లు పదకొండు దాటాక వెళ్లండి, పదికి తాళాలు వెతుక్కుంటూ ఉంటారు. తువ్వాలు మాత్రం మీదే పట్టుకెళ్లండి. అక్కడున్నది ఒక్కటే, అదీ ఎప్పుడూ తడిగానే ఉంటుంది.