వైరల్ జ్వరం తగ్గినా వదలని నీరసం: రెస్టా, వ్యాయామమా, పేసింగా?

జ్వరం పోయింది, రిపోర్టులు నార్మల్, ఒంట్లో మాత్రం ఓపిక లేదు. "ఇంకా పడుకోవాలా, లేచి నడవాలా?" అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ఇంట్లో ఒకరు కదలొద్దంటారు, ఇంకొకరు కదలకపోతే బద్ధకం పెరుగుతుందంటారు. మధ్యలో నలిగిపోయేది జబ్బుపడ్డ మనిషే.

జ్వరం ఉన్నన్నాళ్లూ, తగ్గిన తొలిరోజుల్లోనూ విశ్రాంతిని మించింది లేదు. అదే వారాల తరబడి సాగితే కండరాలు బలహీనపడతాయి. లేచి నిలబడితే గుండె దడ, కళ్లు తిరగడం మొదలవుతాయి. అసలే లేవలేని స్థితిలో ఉన్నవాళ్ల సంగతి వేరు. మిగతావాళ్లకు మంచమే మందని నేననను.

వ్యాయామం కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవడం చాలామందికి బాగానే పనిచేస్తుంది. నడిస్తే ఆయాసం వచ్చినా, రాత్రి నిద్రపోయి లేచేసరికి తేరుకుని, ఎల్లుండి కూడా బాగానే ఉంటున్నారంటే నిశ్చింతగా పెంచుకోవచ్చు.

అయితే నా దృష్టిలో అసలు తేల్చేది ఆ మర్నాడే. నడిచినప్పుడు ఎలా ఉందన్నది కాదు, మర్నాడూ ఎల్లుండీ ఎలా ఉందన్నది చూడాలి. కొందరికి శ్రమ దెబ్బ వెంటనే తెలియదు, 12 నుంచి 48 గంటల తర్వాత బయటపడుతుంది. కాస్త బాగుందని ఓ రోజు ఉతికిన బట్టలన్నీ మడతపెట్టి, బీరువా సర్ది, గంటసేపు ఫోన్లో మాట్లాడతారు. సాయంత్రానికి ఇబ్బందేమీ కనిపించదు. రెండోరోజు పొద్దున తల దువ్వుకోవడానికి చెయ్యి లేవదు, గొంతు నొప్పి, ఒళ్లు నొప్పులు, చదివిన వాక్యమే మళ్లీ చదవాల్సి వస్తుంది. రాత్రి సరిగా నిద్రపట్టలేదేమో అనుకుంటారు గానీ, నిన్నటి బీరువా ఎవరికీ గుర్తురాదు. మెదడుకు పని ఎక్కువైనా, టెన్షన్ పడినా ఇలాగే అవుతుంది.

ఇలాంటివాళ్లను "ఇంకొంచెం, ఇంకొంచెం" అని తోస్తే జబ్బు ముదురుతుంది. ఇలా ఆలస్యంగా తగిలే దెబ్బే ముఖ్య లక్షణమైన దీర్ఘకాలిక అలసట జబ్బు, అంటే ఎంఈ/సీఎఫ్‌ఎస్ ఉన్నవాళ్లకు క్రమంగా పెంచే వ్యాయామాన్ని 2007లో సిఫారసు చేసిన, బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థే, 2021 మార్గదర్శకాల్లో అది వద్దని చెప్పింది.

అందుకే నా ఓటు పేసింగ్‌కి. ఓపిక అయిపోయాక ఆగడం కాదు, అయిపోకముందే ఆగడం. స్నానం స్టూలు మీద కూర్చుని చేయడం, ఇస్త్రీ సగం ఇవాళ, సగం రేపు చేయడం, రెండు పనుల మధ్య ఫోన్ పక్కనపెట్టి కాసేపు కళ్లు మూసుకోవడం లాంటివన్నమాట. ఒక నోట్‌బుక్కులో ఏ రోజు ఏం చేశారో, ఆ తర్వాత రెండు రోజులూ ఎలా ఉందో రాసుకుంటే మీ హద్దు మీకే తెలుస్తుంది. బాగున్న రోజున కూడా ఆ హద్దు దాటకూడదు, అదే అన్నిటికంటే కష్టం. కొన్ని వారాలు నిలకడగా ఉంటే అప్పుడు కాస్త పెంచొచ్చు. ఫలితం నెమ్మదిగా వస్తుంది, చూసేవాళ్లకు సోమరితనంలా కనిపిస్తుంది కూడా. ఇంట్లోవాళ్లకు ఆ నోట్‌బుక్కు చూపించండి, మాటలకంటే అది బాగా నచ్చజెబుతుంది.

టానిక్కులు, విటమిన్ మాత్రల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రక్తపరీక్షలో లోపం తేలితే వాడండి, లేకపోతే అక్కర్లేదు.

వీటిలో ఏది ఎంచుకున్నా, నీరసం వారాలు దాటితే డాక్టర్‌కి చూపించి రక్తహీనత, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోండి. అన్నీ వైరస్ ఖాతాలోనే వేసేస్తే అసలు కారణం దాగిపోవచ్చు. ఛాతీలో నొప్పి, కూర్చున్నా ఆయాసం, స్పృహ తప్పడం ఉంటే మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మళ్లీ జ్వరం తిరగబెట్టినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా వాయిదా వేయకుండా డాక్టర్‌ని కలవండి.