ప్రింటర్ తగిలిస్తే సీడీ వచ్చింది

మాది తెనాలిలో చిన్న జిరాక్స్ షాపు. పాత కంప్యూటర్ విండోస్‌తో మొరాయిస్తుంటే, దాని బదులు పనిచేసే లినక్స్ మింట్ వేయించాను. ఇంటర్ హాల్ టికెట్ల రోజులు దగ్గర పడుతున్నాయని 3,500 పెట్టి సెకండ్ హ్యాండ్ లేజర్ ప్రింటర్ కొన్నాను. కంపెనీ పేరు రాయను. లక్షణం చెబితే, ఇది ఉన్నవాళ్లు ఇట్టే గుర్తుపడతారు.

కేబుల్ తగిలించగానే తెర మీద సీడీ బొమ్మ వచ్చింది. నా కంప్యూటర్‌కి సీడీ డ్రైవే లేదు! తెరిచి చూస్తే ఆటోరన్ ఫైలు, ఒక సెటప్ ఈఎక్స్ఈ (విండోస్ ప్రోగ్రామ్ ఫైలు), నాలుగు ఫోల్డర్లు. ప్రింటర్ల జాబితా మాత్రం ఖాళీ. కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను, లాభం లేదు. అమ్మినాయన్ని అడిగితే "లినక్స్‌కి రాదండీ, విండోస్ వేసుకోండి" అన్నారు. ఆ మాట తప్పు. ఈ రివ్యూ రాస్తున్నదే అందుకు.

ఈ ప్రింటర్ తన డ్రైవర్‌ని, అంటే కంప్యూటర్ తనతో పని చేయించుకోవడానికి కావాల్సిన ప్రోగ్రామ్‌ని, కడుపులోనే పెట్టుకుని, తగిలించగానే ముందు సీడీలా కనిపిస్తుంది. విండోస్ అందులోంచి డ్రైవర్ వేసుకున్నాక ప్రింటర్‌గా మారుతుంది. ఇంటర్నెట్ కోసం యుఎస్‌బికి తగిలించే ఒకప్పటి 3జీ డాంగిళ్లూ ఇలాగే చేసేవి. లినక్స్‌లో ఆ ఈఎక్స్ఈ నడవదు కాబట్టి కథ సీడీ దగ్గరే ఆగిపోతుంది.

ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరిచి, యుఎస్‌బికి తగిలించినవన్నీ చూపించే 'ఎల్ఎస్‌యుఎస్‌బి -టి' (lsusb -t) కొట్టాను. ప్రింటర్ ఉన్న వరుసలో క్లాస్ దగ్గర 'మాస్ స్టోరేజ్' అని ఉంది, అంటే సీడీ, పెన్‌డ్రైవ్ లాంటిదన్నమాట. ఆ సీడీని బయటికి తీసేయమని 'సుడో ఎజెక్ట్ /డెవ్/ఎస్ఆర్0' (sudo eject /dev/sr0) కొట్టాను. సీడీ బొమ్మ మాయమైంది. రెండు మూడు సెకన్లాగి మళ్లీ చూస్తే అదే వరుసలో 'ప్రింటర్' అని వచ్చింది. ఆ ఒక్క మాట చూశాక రెండు రోజుల టెన్షన్ దిగిపోయింది. తర్వాత లినక్స్ డ్రైవర్ వేసి, ప్రింటర్ల జాబితాలో చేర్చడం పావుగంట పని.

అయితే కరెంటు పోయి వస్తే మళ్లీ సీడీయే. పిల్లలు హాల్ టికెట్ కోసం గుమ్మంలో నిలబడి ఉంటే ప్రతిసారీ టెర్మినల్ తెరవడం కుదరదు. డాంగిళ్ల కోసం పుట్టిన 'యుఎస్‌బి మోడ్‌స్విచ్' ప్రోగ్రామ్ ఈ మార్పు తనంతట తానే చేయగలదు. నేను మాత్రం జబ్బు ప్రింటర్‌లోనే పోవాలనుకున్నాను, రేపు ఏ కంప్యూటర్‌కి తగిలించినా పని చేయాలి కదా. ఆ సీడీలోనే 'యూటిల్' ఫోల్డర్‌లో ఈ వేషాన్ని ఆపేసే చిన్న ప్రోగ్రామ్ ఉంది. పై వాటా అబ్బాయి విండోస్ ల్యాప్‌టాప్ అడిగి తెచ్చి, దాంతో ఆపేశాను. నెల దాటింది, ఎన్నిసార్లు కరెంటు పోయినా సీడీ బొమ్మ మళ్లీ రాలేదు.

ఇక ప్రింటు సంగతి. చాలా బాగుంది. ఎనిమిది పాయింట్ల తెలుగులో 'లక్ష్మి' అని కొడితే షవత్తు, మవత్తు దేనికది విడిగా తెలుస్తోంది. నా పాత ఇంక్‌జెట్‌లో అవి కలిసిపోయి చుక్కలా పడేవి. కాగితం ఇరుక్కోవడం ఇంతవరకు ఒకే ఒక్కసారి, అదీ తడి తగిలిన కాగితం పెట్టినందుకు. రెండు వైపులా తనే కొట్టదు, మనమే తిప్పి పెట్టాలి.

అయిదుకి నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటీ తగ్గించింది సీడీ వేషానికే. లినక్స్ వాడేవాళ్లు ఇలాంటిది కొనేముందు మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ వెంట తీసుకెళ్లి, షాపులోనే కంప్యూటర్‌ని దాంతో ఆన్ చేయించి ప్రింటర్ తగిలించి చూడండి. సీడీ కనబడినా వదిలేసి రాకండి, ఎజెక్ట్ కొట్టి చూడండి.