నది ఫోటో: కొండ అంచు నుంచా, నీటి పక్క నుంచా?

గండికోటలో రాళ్ల అంచున నిలబడితే పెన్నా మొత్తం కళ్ల ముందే ఉంటుంది. ఎర్రటి కొండల మధ్య వంపు తిరిగే నదిని తీయాలంటే ఆ ఎత్తు కావాల్సిందే. అక్కడి నుంచి నీటి కదలిక పెద్దగా కనపడదు, వంపే బొమ్మ. అది ఫ్రేమ్‌లో ఒక మూల నుంచి లోపలికి రావాలి. మధ్యలో తెగిపోతే చూపూ అక్కడే ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం మాత్రం వద్దు. లోయ గోడల లోతు తెలిసేది ఏటవాలు ఎండలోనే.

కుంటాల జలపాతం దగ్గర అలా కాదు. మెట్లన్నీ దిగి కడెం నది పక్కకు వెళ్లాలి. ట్రైపాడ్‌ను మోకాలి ఎత్తుకు దించి, వైడ్ లెన్స్‌కు బాగా దగ్గరగా ఒక తడి రాయిని పెట్టుకోండి. దాని చుట్టూ చీలి పారే పాయ, వెనకాల జలపాతం. షట్టర్ అర సెకను తెరిచి ఉంటే చాలు, నీటి పోగులు విడివిడిగా నిలుస్తాయి. పది సెకన్లు పెడితే పాలు ఒలికినట్టు అయిపోతుంది, నీళ్లు ఎటు పోతున్నాయో తెలియదు. నాకది నచ్చదు. లెన్స్ ముందు బిగించే పోలరైజర్ ఫిల్టర్‌ను మెల్లగా తిప్పుతూ ఉంటే రాతి మీద మెరుపు తగ్గి, నాచు పచ్చదనం పైకి తేలుతుంది.

చేతిలో ఫోన్ ఒక్కటే ఉంటే గండికోట. ట్రైపాడ్ ఉంటే నా ఓటు కుంటాలకే. కాకపోతే వరద ఉధృతంగా ఉన్న రోజు నీటి పక్కకు అస్సలు దిగొద్దు, ఆ రాళ్లు బాగా జారతాయి.